‘నాన్నకి దెబ్బేం తగల్లేదన్నారు... నెల తిరిగేసరికి నడక తడబడుతోంది’

ఎముకల డాక్టరుకు ఉత్తరాలు

పోయిన నెల మణికట్టు విరగడం గురించి రాసినప్పుడు, బండి మీంచి పడ్డ పెద్దవాళ్ల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశాను. ఆ ఒక్క వాక్యం పట్టుకుని చాలామంది రాశారు. అరవై దాటినవాళ్లు రాశారు, వాళ్ల పిల్లలు రాశారు, వాళ్ల వెనక కూర్చునే ఇల్లాళ్లు రాశారు. అందుకని ఈసారి మోకాళ్ల నొప్పుల ఉత్తరాలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను. నాకూ 59 నిండాయి. ఇప్పటికీ ఆస్పత్రికి స్కూటర్ మీదే వెళ్తాను.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఐదు వారాల కిందట కుక్క అడ్డం రావడంతో స్కూటర్ మీంచి పడ్డారు. హెల్మెట్ బండికే తగిలించి ఉంది. నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి, అంతే. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. స్కానింగ్ ఎందుకులే అనుకున్నాం. పది రోజుల నుంచి పగలంతా పడుకునే ఉంటున్నారు. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో ఉండగానే ఆగిపోతున్నారు. నడుస్తుంటే ఒక పక్కకి ఒరుగుతున్నారు. ఆయనకి స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడతారు. పెద్దతనం అని, పడ్డ భయం అని అందరూ అంటున్నారు. ఏ డాక్టరుకి చూపించాలి?
– ఒక కూతురు, సత్తెనపల్లి

జవాబు: అమ్మా, ఇది పత్రికలో అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు. అందుకే మీ ఉత్తరం చదివిన సాయంత్రమే మీరు రాసిన నంబరుకి ఫోన్ చేసి, ఆ రాత్రికే తలకి స్కానింగ్ తీయించమన్నాను. మర్నాడే ఆపరేషన్ అయిందని, నాన్నగారు మిమ్మల్ని పేరు పెట్టి పిలిచారని మీరు చెప్పినప్పుడు నా మనసు కుదుటపడింది. ఇక్కడ రాసేది ఇలాంటి నాన్నలున్న మిగతా ఇళ్ల కోసం.

వయసు మళ్లేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. పుర్రెకీ మెదడుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ దాటి వెళ్లే సన్నటి సిరలు లాగి కట్టిన దారాల్లా బిగుసుకుని ఉంటాయి. తల గట్టిగా అదిరితే చాలు, వాటిలో ఒకటి చిట్లొచ్చు. రక్తం కొద్దికొద్దిగా ఊరుతుంది. ఖాళీ ఉంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు. మూడు వారాలకో నెలన్నరకో అది పెరిగి మెదడుని నొక్కడం మొదలుపెడుతుంది. అప్పటికి గాయం మాని, కుట్లు విప్పి, పడ్డ సంగతే అందరూ మర్చిపోయి ఉంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇది నేను పుస్తకాల్లో చదివాను, పరీక్షల్లో రాశాను. అయినా నా సొంత ఇంట్లో గుర్తుపట్టలేకపోయాను. మా బావగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అప్పుడు ఆయనకి 68. డిసెంబరులో మా వైపు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడే వేళ ఆయన ఎక్సెల్ బండి ముందు చక్రం ఆ రాయి ఎక్కింది. కాలర్ బోన్ విరిగింది. నేనే చూసి, చెయ్యి మెడకి కట్టి, మందులు రాసి ఇంటికి పంపాను. ఎముక చక్కగా కుదిరిందని సంతోషించాను. తల నేలకి తగిలిందా అని ఒక్క మాట అడగలేదు.

సంక్రాంతికి అందరం చేరాం. రమ్మీ ఆడుతున్నాం. పదమూడు ముక్కలు విసనకర్రలా విప్పి ఎడమ చేత్తో పట్టుకోవడం ఆయనకి నలభై ఏళ్ల అలవాటు. ఆ రోజు ముక్కలు ఒక్కొక్కటే చాప మీదకి జారిపోతున్నాయి. ఏరుకుని సర్దుకుంటే మళ్లీ జారుతున్నాయి. మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "తమ్ముడూ, మీ బావ చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుంటున్నారురా, ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచేస్తున్నారు" అంది. అప్పుడు తట్టింది నాకు. కారెక్కించుకుని గుంటూరు తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే కుడి పక్కన రక్తం గడ్డ ఉంది. పుర్రెకి చిన్న రంధ్రాలు చేసి బయటికి తీసేశారు. మూడో రోజు మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని కాఫీ తాగారు. గుండీల సంగతి మా అక్క చెప్పకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

అందుకే చెబుతున్నాను. 65 దాటినవాళ్లు బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పైకి బాగానే కనిపించినా ఆ రోజే స్కానింగ్ చేయించండి. అది బాగుందన్నా మూడు నెలల పాటు మనిషిని కనిపెట్టుకుని ఉండండి. కొత్తగా తలనొప్పి, మతిమరుపు, పగటినిద్ర, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, అంతకుముందు లేకుండా పక్క తడపడం, వీటిలో ఏది కనిపించినా మళ్లీ స్కానింగే. గుండె మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్ ఉన్నవాళ్లకి అది ఇంకో ప్రమాదం. ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: నాన్నకి 66. బైకు పడి నాలుగు పక్కటెముకలు చిట్లాయి. కట్టు వేయరట, నొప్పి మాత్రలిచ్చి పంపేశారు. నొప్పికి దగ్గలేక, కదలలేక పడుకునే ఉంటున్నారు. మాత్రలు ఎక్కువైతే కిడ్నీలకి చెడ్డదని సగమే వేసుకుంటున్నారు. మేం తువ్వాలు బిగించి కట్టాం. చుట్ట అలవాటు ఉంది.
– ఒక కొడుకు, ఖమ్మం

జవాబు: ముందు ఆ తువ్వాలు విప్పేయండి. పక్కటెముకలకి కట్టు వేయకపోవడం నిర్లక్ష్యం కాదు బాబూ. ఛాతీని బిగిస్తే ఊపిరితిత్తుల అడుగు భాగం విచ్చుకోదు, కఫం అక్కడే నిలిచిపోతుంది. ఈ వయసులో పక్కటెముకలు విరిగినవాళ్లకి ఎముక నొప్పి కన్నా ఆ తర్వాత వచ్చే న్యుమోనియా పెద్ద ప్రమాదం. విరిగిన ఎముకల సంఖ్య పెరిగేకొద్దీ ఆ భయమూ పెరుగుతుంది. నాలుగంటే తక్కువేం కాదు.

నొప్పి తగ్గించేది హాయిగా పడుకోవడం కోసం కాదు, దగ్గగలగడం కోసం. సగం మాత్ర వేసుకుని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే మందు వేసుకున్న లాభమే ఉండదు. కిడ్నీల భయం నిజమే, దానికి తగిన మందులున్నాయి. ఆయనకి షుగర్, బీపీ ఏమున్నాయో చెప్పి మాత్ర మార్పించుకోండి, టైం ప్రకారం వేయండి. దగ్గు వచ్చినప్పుడు దిండు ఛాతీకి హత్తుకుని దగ్గమనండి, నొప్పి బాగా తగ్గుతుంది. పగలు మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టండి.

ఊపిరితిత్తులు విచ్చుకునే వ్యాయామానికి మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చే ఉంటారు. దాన్ని ఎలా వాడుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. మా వార్డులో రోజూ చూస్తుంటాను, చాలామంది బెలూన్ ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. గొట్టం నోట్లో పెట్టుకుని మెల్లగా లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. లేచిన బంతిని రెండు మూడు సెకన్లు నిలపాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి ఓ పదిసార్లు. జ్వరం, ఆయాసం, రంగు మారిన కఫం కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లండి, తెల్లారనిద్దాం అనుకోకండి. చుట్ట మానమనండి. పొగ ఊపిరికీ అడ్డే, ఎముక అతకడానికీ అడ్డే.

ప్రశ్న: నా వయసు 63. మావారి వెనక ఒక పక్కకి కూర్చుని బజారుకి వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి రోడ్డు మీద కూలబడ్డాను. బండి ఏం స్పీడుగా లేదు. నడుములో పూస నొక్కుకుపోయిందన్నారు. రెండు నెలలైంది, బెల్టు పెట్టుకుంటున్నాను. గూని వస్తుందా డాక్టరు గారూ? ఇక జన్మలో బండెక్కొద్దంటున్నారు మావారు.
– ఒక గృహిణి, నంద్యాల

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా అనిపించిన మాట "బండి ఏం స్పీడుగా లేదు" అన్నది. అంత చిన్న పాటుకి పూస నొక్కుకుపోయిందంటే ఎముక ముందే పలచబడి ఉండొచ్చు. ముట్లు ఆగాక ఆడవాళ్లలో ఎముక త్వరగా గుల్లబారుతుంది, బయటికి ఏ గుర్తూ ఉండదు. డెక్సా అని ఒక స్కానింగ్ ఉంది, నొప్పేం ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. అది చేయించుకోండి, రక్తంలో విటమిన్ డి కూడా చూడమనండి. ఎముక పలచన అని తేలితే కాల్షియం మాత్రలతో సరిపెట్టుకోవద్దు. ఎముకని గట్టిపరిచే మందులు వేరే ఉన్నాయి. వాటిని వాడకపోతే రెండో పూస, మూడో పూస కుంగే ప్రమాదం ఉంది. మీరు భయపడే గూని అలాగే వస్తుంది. ఒక్క పూసతోనే ఆగేలా చూసుకోవడం మన చేతిలో ఉంది.

బెల్టు ఇంకెన్నాళ్లో మీ డాక్టరుని అడగండి. ఏళ్ల తరబడి పెట్టుకుంటే నడుం కండరాలు నీరసిస్తాయి. వంగి ముగ్గు వేయడం, బిందె ఎత్తడం, నేల మీంచి బియ్యం బస్తా జరపడం ప్రస్తుతానికి ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. నడక మీరు చేయండి, రోజూ. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఆ క్షణమే ఆస్పత్రికి.

ఇక బండి. ఒక పక్కకి కూర్చున్నప్పుడు పట్టుకోవడానికి ఒక్క చెయ్యే సరిగ్గా అందుతుంది, ఆనడానికి ఒక్క ఫుట్‌రెస్టే. కుదుపు వస్తే వెనక్కి పడతారు. తల వెనక భాగమో, నడుమో నేలకి తగులుతుంది. మీ డాక్టరు సరేనన్నాక ఎక్కేటప్పుడు పంజాబీ డ్రెస్సు వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోండి. ఈ వయసులో ఏం బాగుంటుంది అనకండి, మా ఇంట్లో ఆవిడా మొదట అలాగే అంది. హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకీ చట్టప్రకారం తప్పనిసరే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అదే చెబుతుంది. ఐఎస్ఐ గుర్తున్నది కొనండి, గడ్డం కింద పట్టీ బిగించుకోండి. పట్టీ పెట్టని హెల్మెట్ పడేటప్పుడు మన కన్నా ముందే ఎగిరిపోతుంది.

ప్రశ్న: నేను రైతుని, 61 ఏళ్లు. కుడి కాలు మోకాలు కింద విరిగి ప్లేటు వేశారు. నాలుగున్నర నెలలైంది, కర్ర సాయంతో నడుస్తున్నాను. పొలం ఆరు కిలోమీటర్లు. బండి లేకుంటే నాకు సేద్యం లేదు. ఇంట్లో తాళాలు దాచేశారు. ఎప్పుడు నడపొచ్చు?
– ఒక రైతు, కోదాడ దగ్గర

జవాబు: అన్నా, ఎన్ని నెలలని ఒక అంకె చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఎముక అతికిందని మీ డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పాలి, అది మొదటిది. ఆ తర్వాతది మీ కాలు చెబుతుంది.

కర్ర ఏ చేత్తో పట్టుకుంటున్నారు? కుడి కాలు కదా అని కుడి చేత్తో పట్టుకుంటే తప్పు. ఎడమ చేత్తో పట్టుకుని, కర్రా కుడి కాలూ కలిపి ముందుకు వేయాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. కర్ర లేకుండా కుంటకుండా ఇంటి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేయగలిగే రోజున బండి మాట ఎత్తండి.

ఆ రోజు వచ్చాక బండిని గట్టి నేల మీద నిలపండి, ఇంజను ఆపే ఉంచండి. పక్కన మీ అబ్బాయి ఉండాలి. సైడు స్టాండు తీసి బండి బరువు కుడి కాలి మీదకి ఒరగనిచ్చి ఆపండి. కాలు వణికినా, మోకాలు మడత పడబోయినా ఇంకా టైముంది. తర్వాత కుడి పాదం ఫుట్‌రెస్టు మీద పెట్టండి. మీ అబ్బాయిని వెనక నిలబడి ఉన్నట్టుండి చప్పట్లు కొట్టమనండి. చప్పుడు వినగానే పాదం లేచి బ్రేకు మీద పడాలి, గట్టిగా నొక్కాలి. పది సార్లు చేయండి. పదిలో ఒక్కసారి పాదం తడుముకున్నా రోడ్డు మీద ఆ ఒక్కసారే ముంచుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లతో నేను ఆస్పత్రి ఆవరణలోనే ఇది చేయిస్తాను. షుగర్ ఉన్నవాళ్లయితే ఇంకొకటి కూడా చూస్తాను. కళ్లు మూసుకోమని బొటనవేలు పైకో కిందకో వంచి ఎటు ఉందో చెప్పమంటాను. కొందరికి తెలియదు. అరికాలు మొద్దుబారితే బ్రేకు మీద పాదం ఉందో జారిందో కూడా తెలియదు.

మీరు నడిపేది గేర్ల బైకయితే వెనక బ్రేకు మొత్తం ఆ విరిగిన కాలి మీదే ఆధారపడుతుంది. కొన్నాళ్లు గేర్లు లేని స్కూటర్ దొరికితే మేలు, దానికి రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన స్కూటర్లలో చాలావాటికి ఎడమ చేతి బ్రేకు పట్టుకున్నా రెండు చక్రాలూ ఆగుతాయి. బరువూ నూరు కిలోలకి కాస్త అటూ ఇటూ. సెంటర్ స్టాండు వేయడం మాత్రం మీరు చేయకండి. హవాయి చెప్పులతో నడపకండి, మడమ పట్టీ ఉన్నవి వేసుకోండి.

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు ఇనుప చక్రాల బురద తారు రోడ్డు మీద పడి, వాన చినుకు తగిలితే సబ్బు రాసినట్టవుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి పంట కాలం ఆ పొద్దుటి గంటలు, చీకటి గంటలు మానుకోండి. పడిన చోటు దాటుతుంటే గుండె దడదడలాడినా సిగ్గుపడకండి. ఆ మాట బయటికి చెప్పలేక కాలు నొప్పి అని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు. మొదటి రెండు మూడుసార్లు మీ అబ్బాయి నడుపుతుంటే మీరు వెనక కూర్చుని అదే దారిలో వెళ్లి రండి.

ప్రశ్న: బండికి ఇన్సూరెన్స్ ఉంది, పదిహేను లక్షలు అని రాసి ఉంది. ఆస్పత్రి బిల్లు అడిగితే ఇవ్వరంటున్నారు. నిజమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నిజమేనమ్మా. బండి యజమానికి తప్పనిసరిగా ఉండే ఆ 15 లక్షల ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికి. మామూలుగా ఎముక విరిగితే ఆస్పత్రి ఖర్చు అందులో రాదు. దానికి ఆరోగ్య బీమా వేరే ఉండాలి. అయితే 2025 మే 5 నుంచి కేంద్ర ప్రభుత్వం నగదు లేని చికిత్స పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డ ఎవరికైనా, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు వర్తిస్తుంది. పోలీసుల నిర్ధారణ కావాలి. అందుకే "మనంతట మనమే పడ్డాం, పోలీసులెందుకు" అనుకోకుండా 112కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉంటాను. ఊళ్లో నాన్నకి 74, రెండుసార్లు పడ్డారు. బండి అమ్మేద్దామంటే అన్నం మానేశారు. ఎలా ఆపాలి?
– ఒక కొడుకు

జవాబు: బాబూ, ఊళ్లో బండి పోతే పాల కేంద్రం పోతుంది, గుడి పోతుంది, సాయంత్రం అరుగు మీద స్నేహితులు పోతారు. అన్నం మానేసింది అందుకు. ముందు లైసెన్సు చూడండి. 55 దాటాక అది ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, ఫారం 1ఏలో డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఆ సాకుతో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. శుక్లం ఉంటే ఎదుటి బండి లైటు కళ్లలో పగిలి ముక్కలైనట్టు కనిపిస్తుంది. ఆపరేషన్ అయ్యాక చాలామందికి ఆ బాధ తగ్గుతుంది. నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్రలు, లేవగానే కళ్లు తిరిగేలా చేసే బీపీ మాత్రలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూపించండి.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన నడుపుతుంటే మీరు వెనక కూర్చోండి. నోరు మెదపకండి. మా బావగారు తల ఆపరేషన్ డాక్టరు ఒప్పుకున్నాక తాళాలు అడిగినప్పుడు నేను అదే చేశాను. రైల్వే గేటు దాకా చక్కగా నడిపారు. కుడికి తిరిగేటప్పుడు మెడ తిరగలేదు, అద్దం వైపూ చూడలేదు, మొత్తం బండే కాస్త కుడికి వాల్చి చూశారు. వెనక లారీ హారన్ కొట్టింది. దిగాక ఆయనే అన్నారు, "ఏమోయ్, గుంటూరు రోడ్డెక్కడం ఇక మనవల్ల కాదులే" అని. ఇప్పుడు పగటిపూట లైబ్రరీకీ పాల కేంద్రానికీ వెళ్తారు, హెల్మెట్ పెట్టుకుని, ఊరు దాటకుండా. గుంటూరు వెళ్లాలంటే నాకు ఫోన్ చేస్తారు.

మీరు వెనక కూర్చున్న రోజున మీకేం కనిపించిందో నాకు రాయండి. మెడ తిరిగిందా, స్పీడ్ బ్రేకర్ ముందుగా చూశారా, ఆగినప్పుడు కాలు నిలకడగా ఆనిందా. అది చూసి నాన్నగారికి నేనే ఉత్తరం రాస్తాను.